బానెట్ కింద గొంతు

పోయిన ఆదివారం రాజమండ్రిలో బయల్దేరి ఇంకా ద్వారపూడి చేరనేలేదు, మా బావమరిది విసుక్కున్నాడు. "బావా, అరిస్తే తప్ప మాట వినబడట్లేదు. ఈ ఇంజిన్ చప్పుడు పూర్తిగా ఆపించెయ్యకూడదూ?" అన్నాడు. వాడి బాధలో తప్పేం లేదు. కానీ ఆ 'పూర్తిగా' అన్న మాట వారం రోజులుగా నన్ను గుచ్చుతూనే ఉంది.

మాది 1977 నాటి అంబాసిడర్, మార్క్ 3. ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి మన దేశపు రూపం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో పుట్టింది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజిను గొంతు నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను. నాకది చప్పుడు కాదు. చప్పుడంటే రేకుది. ఇంజిన్‌కీ మన కాళ్లకీ మధ్యనుండే ఫైర్‌వాల్ డప్పులా మోగుతుంది, బానెట్ దానికి వంత పాడుతుంది. ఆపాల్సింది వాటిని.

ఆ ఆపడంలో మూడు వేర్వేరు పనులున్నాయి. షాపులవాళ్లు మూడింటికీ ఒకే షీటు చూపిస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. ఇత్తడి గిన్నె ఖంగుమంటుంటే అంచుమీద వేలు పెట్టగానే ఆగిపోతుంది కదా, రేకు మోత చంపడమూ అంతే. పైన అల్యూమినియం పొర, కింద బ్యూటైల్ రబ్బరు ఉన్న రెండు మిల్లీమీటర్ల షీటు ముక్కలు ఆ వేలి పని చేస్తాయి. రేకంతా కప్పక్కర్లేదు, పావు వంతు నుంచి మూడో వంతు దాకా అంటిస్తే చాలు. మిగతాది షాపువాడి లాభం. రెండోది, చప్పుడు ఇవతలికి దాటకుండా అడ్డం కట్టడం. దీనికి బరువు తప్ప మందు లేదు. అడ్డం బరువు రెట్టింపు చేస్తే మహా అయితే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. మూడోది పీల్చుకోవడం. స్పాంజి, దూది, నార ఆ పని చేస్తాయి. బానెట్ కింద ప్రమాదమంతా ఈ మూడోదానితోనే. చప్పుడు పీల్చే స్పాంజి ఇంజిన్ ఆయిలూ పీలుస్తుంది. ఆయిలు తాగిన స్పాంజి, ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి మానిఫోల్డ్ పక్కన ఉంటే, అది దీపంలో వత్తే.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఏడేళ్ల కిందట ఒక ఊళ్లో, ఒక షాపులో, బ్యూటైల్ అని చెప్పి నా బండికి అంటించింది మేడమీద వాన కారకుండా పరిచే తారు షీటు. దానిమీద స్పాంజి. వాసన చూసి అనుమానమొచ్చి అడిగాను. "అందరికీ ఇదే వేస్తాం సార్" అన్నాడు. నమ్మాను. రోహిణి కార్తెలో అమ్మని తీసుకుని వెళ్తుంటే రావులపాలెం వంతెన మీద కారులోకి పొగ కమ్మింది. వెనకసీట్లో అమ్మ ఊపిరాడక దగ్గుతోంది. బండి పక్కకి తీసి బానెట్ ఎత్తితే, ఆ షీటు ఫైర్‌వాల్ మీంచి బెల్లం పాకంలా జారి మానిఫోల్డ్ మీద వాలి ఉంది. స్పాంజి అంచు నల్లబడి ఎర్రటి గీతలా రాజుకుంటోంది. తువ్వాలు చుట్టుకుని లాగాను, అయినా రెండు వేళ్లు కాలాయి. మర్నాడు వెళ్లి అడిగితే, "ఈ ఏడు ఎండలెక్కువ సార్" అన్నాడు. రోహిణి కార్తెలో ఎండ ఉంటుందని తెలియనివాడు గోదావరి గట్టున ఆ వ్యాపారం ఎందుకు పెట్టినట్టు? డబ్బుల మాట వదిలేశాను. ఆ తారు వదిలించడానికి కిరసనాయిలు గుడ్డతో తొమ్మిది రోజులు కూర్చున్నాను. దాంతోపాటు అసలు రంగూ ఊడొచ్చింది. అమ్మ ఆ తర్వాత ఎన్నడూ ఆ కారులో కిటికీ అద్దం మూయనివ్వలేదు. ఆ మనిషిని నేనింకా క్షమించలేదు.

ఇప్పుడైతే ఏ షీటు తెచ్చినా ముందు చిన్న ముక్క కోసి, దానిమీద నాలుగు చుక్కలు ఇంజిన్ ఆయిలు వేసి రాత్రంతా ఉంచుతాను. పొద్దున్నకి లోపలికి ఇంకిందా, అది బానెట్ కిందకి పనికిరాదు. ఇంకో ముక్కని పెరట్లో అగ్గిపుల్లతో ముట్టిస్తాను. పుల్ల తియ్యగానే మంట ఆరిపోవాలి. ఈ రెండూ నెగ్గినా మానిఫోల్డ్ దరిదాపుల్లో మాత్రం ఏదీ అంటించను.

అసలు షీటు కొనేముందు చెయ్యాల్సిన పని వేరే ఉంది. చీకటిపడ్డాక ఇంజిన్ పక్కన ఒక బల్బు వెలిగించి, బానెట్ దించి, కారులో డాష్‌బోర్డు కిందకి తల దూర్చి చూడాలి. నేను చూసినప్పుడు పదమూడు చోట్ల వెలుగు కనబడింది. స్పీడోమీటర్ కేబుల్ వచ్చేచోట, వైర్ల కట్ట దూరేచోట, ఎప్పుడో ఎవరో హారన్ కోసం రంధ్రం వేసి వదిలేసిన చోట. గోడలో నూటికి ఒక వంతు కన్నం ఉంటే, గోడ ఎంత గట్టిదైనా ఇరవై డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. రబ్బరు గ్రోమెట్లు కొనితెచ్చి ఆ పదమూడూ మూసిన రోజే సగం గోల తగ్గింది.

కారు లోపలి వైపు, కార్పెట్ కింద మాత్రం నాకు నార ఫెల్టే కావాలి. తడి తగిలితే కింద రేకు తుప్పుపడుతుందంటారు. నిజమే, అందుకే ముందు కన్నాలు మూయమనేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పండే గోగునార మన గోంగూరకి చుట్టం. చెరువులో ఊరవేసిన గోగుకట్టల వాసన అటు వెళ్లినవాళ్లెవరూ మర్చిపోరు. అలాంటి నారని కాళ్లకింద పరుచుకుంటే చప్పుడు మెత్తబడుతుంది, చావదు.

ఆ గొంతు చావకూడదు. నాన్నగారు ఆదివారాలు పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఎనిమిది టాపెట్లలో ఏది వదులైందో అలా పట్టేవారు. ఓ రోజు నన్ను పిలిచి పిడి నా చెవికి ఆనించారు. ఆయన చెయ్యి పెట్రోలు వాసన వేస్తోంది. "విను, మూడోది కాస్త తొందరపడుతోంది" అన్నారు. నాకు అన్నీ ఒకేలా వినబడ్డాయి. వినబడిందన్నట్టు తలూపాను. ఆయన నవ్వి, పిడి నా చెవి దగ్గరే ఉంచి, ఇంకాసేపు అలాగే నిలబడ్డారు.