నలుపు తెలుపుల లేపాక్షి

మొన్న దీపావళికి బీరువా సర్దుతుండగా ఒక పాత కవరు బయటపడింది. అందులో లేపాక్షి వీరభద్రాలయపు మండపం కప్పుకు 1987లో తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రాలు మూడున్నాయి. వాటి వెనుక నా అహంకారం కథ ఒకటి ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు హిందూపురం ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో నేను కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ణి. ఛందస్సు చేతిలో ఉందన్న గర్వం నెత్తికెక్కి ఉన్న రోజులు. ఆ ఏడు పాఠశాల వార్షికోత్సవానికి మా డ్రాయింగు మాస్టారు నాటకం తెర గీశారు. అరణ్య దృశ్యం. చెట్లన్నిటికీ ఎర్రమట్టి రంగు ఆకులు! నేను ఉపాధ్యాయుల గదిలో ఆశువుగా ఒక కందం చెప్పి అందరినీ నవ్వించాను. మాస్టారూ నవ్వారు. ఆ నవ్వును నేను మెచ్చుకోలు అనుకున్నాను.

కొద్ది వారాలకు పిల్లలను తీసుకొని లేపాక్షి వెళ్లాం. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ సోదరులు కట్టించిన ఆలయమది. మండపాల కప్పు మీద కిరాతార్జునీయం, గిరిజా కల్యాణం, వటపత్రశాయి మొదలైన చిత్రాలు జేగురు ఎరుపు నేల మీద తీర్చి ఉంటాయి. వాటి నకళ్లు గీసుకోవడానికి మాస్టారికి ఛాయాచిత్రాలు కావలసి వచ్చాయి. ఊళ్లో స్టూడియో ఆయన దగ్గర యాషికా కెమెరా అరువు తెచ్చారు. పన్నెండు బొమ్మలు వచ్చే ఓర్వో నలుపు తెలుపు ఫిల్ము ఒక్కటే ఉంది.

మండపంలో వెలుతురు చాలా తక్కువ. ఫ్లాషు వేస్తే బొమ్మ నడుమ తెల్లని మచ్చ పడి చుట్టూ చీకటి మిగులుతుందని మాస్టారు ఒప్పుకోలేదు. మండపం అంచున ఎండ పడుతున్న చోట నా తెల్ల పంచె పరిపించారు. అద్దం పెడితే వెలుగు ఒక్కచోటే గుచ్చుకుంటుంది. బట్ట మీద పడిన ఎండ మెత్తబడి కప్పంతా పరుచుకుంటుంది. ఆ వింత అప్పుడే చూశాను. కెమెరాను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. దాని చూపుటద్దం పక్కకు తిరిగింది. మాస్టారు చెంప రాతికి ఆనించి పడుకొని అందులోకి చూశారు. పిల్లలను కదలకుండా కూర్చోబెట్టాం.

చేతి గడియారం ఆగిపోయి ఉంది. క్షణాలు లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. నాకు తెలిసిన కొలత ఒక్కటే. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. తాపీగా చదివితే ఐదు సెకన్లు. రెండు పాదాలకు పది, పూర్తి పద్యానికి ఇరవై, రెండుసార్లు చదివితే నలభై సెకన్లు. ఒక్కొక్క బొమ్మను మూడు కాలాలతోనూ తీశాం. ఎక్కువసేపు తెరిచి ఉంచిన కొద్దీ ఫిల్ము మందగిస్తుందట, అందుకే లెక్క ప్రకారం చాలుననుకున్న సమయం చాలదట. పన్నెండింటిలో బాగా వచ్చినవి మూడే. మూడూ నలభై సెకన్లవే.

ఆ మూడూ చేతికి వచ్చాక నేను నిరుత్సాహపడ్డాను. ఫిల్ము రంగుల తేడాను పట్టించుకోదు, వెలుగు తేడానే చూస్తుంది. ఎర్రని నేల, దాని మీద స్త్రీల ఆకుపచ్చ చీరలు ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. నల్లని రేఖ ఒక్కటే వాటిని విడదీస్తున్నది. ఆకుపచ్చ ఫిల్టరు పెట్టి ఉంటే ఎరుపు నల్లబడి విడిపోయేదనీ, అయితే ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచవలసి వచ్చేదనీ స్టూడియో ఆయన చెప్పాడు.

"పాడైపోయాయి గదా సార్!" అన్నాను.

మాస్టారు చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు: "నాకు ఆడ గూడా ఇట్లే కనబడింది సామీ. ఎరుపు, ఆకుపచ్చ నాకు వేరుగా తెలియవు. చిన్నప్పటినుంచీ అంతే. సీసా మీద చీటీ చూసి రంగు వేస్తా. ఆ పొద్దు చీటీ ఊడిపోయింది. గీత ఉంది గదా, దాన్ని పట్టుకొనే ఇన్నేండ్లూ నెట్టుకొచ్చినా."

ఉద్యోగం పోతుందన్న భయంతో ఆయన ఆ సంగతి ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. నా కందాన్ని విని నవ్వడానికి కూడా కారణం అదే. ఇతరుల పద్యాల్లో యతిభంగాలు వెతికే నాకు ఆ రోజు నోట మాట రాలేదు. క్షమించమని అడగడం కూడా చేతకాలేదు. మరుసటి వార్షికోత్సవం నాటికి చీటీలన్నీ నా చేతిరాతతో కొత్తగా రాసి అంటించాను. తెర గీస్తున్నంతసేపూ పక్కన కూర్చొని సీసాలు అందించాను. ఆయన పదవీ విరమణ దాకా, ఆరేళ్లు, ఆ పని నాదే. ఎందుకో ఎవరూ అడగలేదు.

నిరుడు మా మనుమడు సెల్‌ఫోనుతో అదే కప్పును రంగుల్లో తీసి చూపించాడు. ఎరుపు ఎరుపుగా, ఆకుపచ్చ ఆకుపచ్చగా చక్కగా వచ్చాయి. కాని రంగు కళ్లను ముందే లాగేసుకోవడంతో రేఖ మీద చూపు నిలవలేదు. పాత బొమ్మను పక్కన పెట్టుకుంటే, ఒక స్త్రీ చీర కుచ్చిళ్ల గీత ఎక్కడా తెగకుండా పాదం దాకా దిగడం కనిపించింది. మాస్టారు చూసింది అదే కాబోలు.

ఆయన ఇప్పుడు లేరు. వారి అబ్బాయి అనుమతి తీసుకొనే ఈ సంగతి రాస్తున్నాను. ఆ కందం మాత్రం ఇక్కడ రాయను. అందులో గణాలు కుదిరాయి, గుణం కుదరలేదు.