పదో గీత

రాత్రి పదకొండున్నర. చేయాల్సిన పని వేరే ఉంది. నేను మాత్రం యూనిటీలో గ్రాఫ్‌వ్యూ వెనకాల పరుచుకున్న గళ్ల రంగు మారుస్తూ కూర్చున్నాను. గేములో పాత్రల సంభాషణలు అల్లుకోవడానికి మేం కట్టుకున్న ఎడిటర్ అది. ఒక్కో మాటకి ఒక్కో నోడ్, వాటి మధ్య తీగలు. తెరిచినప్పుడల్లా ఆ బూడిదరంగు చూస్తే నీరసం ముంచుకొస్తుంది.

యూనిటీ వాళ్ల స్టైల్‌షీట్‌ని యూఎస్ఎస్ అంటారు. సీఎస్ఎస్‌కి పినతల్లి బిడ్డ. పోలికలున్నాయి కదా అని అదే చనువు చూపిస్తే కుదరదు. అక్కడ మన మాట నెగ్గకపోతే ఆశ్చర్యార్థకం పెట్టి ‘ఇంపార్టెంట్’ అని గదమాయించొచ్చు. ఇక్కడ ఆ పప్పులుడకవు. నోడ్ పేరుండే పట్టీకి లేత ఆకుపచ్చ వేశాను. మారలేదు. క్లాసు పెట్టాను, పేరుతో పిలిచాను, గంట గడిచింది. చివరికి యూఐ టూల్‌కిట్ డీబగ్గర్ తెరిస్తే తెలిసింది, ఎవరో ఆ రంగుని సీ షార్ప్ కోడ్‌లోనే నేరుగా రాసేశారని. అలా రాసినదాని ముందు స్టైల్‌షీట్ మాట చెల్లదు. ఎవరో నాకు తెలుసు. పేరెందుకు, పక్క సీటే.

గళ్లు మాత్రం చెప్పినమాట విన్నాయి. ‘స్పేసింగ్’ ఇరవై, ‘లైన్-కలర్’ వెలిసిపోయినట్టు, ‘థిక్-లైన్-కలర్’ కాస్త ముదురు. మనమేం చెప్పకపోతే పదో గీతకోసారి ముదురు పడుతుంది. ఆ పదో గీత దగ్గరే నేను తప్పిపోయాను.

పదో తరగతి లెక్కల పరీక్షకి దారంతో కట్టిన గ్రాఫు కాగితం అచ్చం ఇలాగే ఉండేది. మిల్లీమీటరు గళ్లు, సెంటీమీటరుకో ముదురు గీత. దానిమీద నేను గీసిన పరావలయానికి మాస్టారు ఒక మార్కు కోశారు. “గీత ఇంత లావైతే బిందువెక్కడుందిరా?” అన్నారు. పెన్సిలు మొద్దుబారింది మరి. పక్కవాడి చెక్కుడు మర అడిగితే ఇవ్వలేదు. ఆ మార్కు ఇప్పటికీ నాకు రావాలి.

మిగిలిన గ్రాఫు కాగితాలు అక్క తీసుకుంది. ఆ గళ్లలో చుక్కలు పెట్టుకుని, లెక్కపెట్టుకుంటూ దిండు గలీబు మీద క్రాస్‌స్టిచ్ నెమలి కుట్టింది. ఆ గలీబు ఇంకా ఉంది. నెమలి మెడ దగ్గర ఒక్క గడి పక్కకి జరిగింది. అక్క ఒప్పుకోదు.