పత్తి చేల నుంచి మంచు కొండకి... ఒంటి మీద ఎన్ని పొరలు?

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మా గుంటూరు, ప్రకాశం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండే టాపిక్‌లు. ఒకటి మిర్చి రేటు, రెండోది కొండలు. ఈసారి లంబసింగా, వంజంగా, లేకపోతే ఏకంగా ఉత్తరాఖండ్ వెళ్లి కేదార్‌కంఠ ఎక్కేద్దామా? రైలు టికెట్లు, ఆఫీసు సెలవులు, ఎవరి వాటా ఎంత... అన్నీ తేలిపోయాక చివర్లో ఎవడో ఒకడు అడుగుతాడు, "రేయ్, బట్టలేం తెచ్చుకోవాలి?" అని. దానికి వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "మందంగా ఏదన్నా ఒకటి పడేసుకోరా!"

ఆ 'మందంగా ఏదన్నా ఒకటి' దగ్గరే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఈ మాటలు.

మాది చిలకలూరిపేట, పర్చూరు మధ్యలో ఓ నల్లరేగడి ఊరు. ఇటు పత్తి, అటు మిరప. మాకు మంచు అంటే తెల్లారుజామున పత్తి ఆకుల మీద కనిపించి, ఎండెక్కగానే మాయమయ్యేది. చలికాలం అంటే తాతయ్యల మంకీ క్యాప్, అరుగు మీద దుప్పటి, పొయ్యి దగ్గర కాసేపు. బీరువాలో స్వెటర్ ఏడాదికి నాలుగు రోజులు బయటికొస్తే గొప్ప. మే నెలలో 45 డిగ్రీలు చూసిన ఒళ్లు మాది. అలాంటి ఒంటిని తీసుకెళ్లి కొండ మీద పెడుతున్నాం. దానికి కొంచెం గౌరవం ఇవ్వాలిగా!

వేటగాడి సమస్య, మన సమస్య ఒకటే

చలి కొండల్లో ఏం వేసుకోవాలని నెట్‌లో వెతికి చూడండి. వచ్చే సలహాల్లో చాలావరకు అమెరికా, కెనడా వేటగాళ్లవే. మన దేశంలో వన్యప్రాణుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన నల్లమలలో పులుల్ని చూడాలంటే కెమెరాతోనే. కాబట్టి తుపాకీ సంగతి వదిలేయండి. కానీ వాళ్లు బట్టల గురించి చెప్పే లెక్క మాత్రం మనకి అక్షరాలా పనికొస్తుంది.

ఎందుకంటే వేటగాడు చేసేది రెండే పనులు. బరువు మోస్తూ కొండ ఎక్కుతాడు, చెమట పడుతుంది. తర్వాత ఒకచోట కదలకుండా గంటల తరబడి కూర్చుంటాడు, చలేస్తుంది. ఇప్పుడు వంజంగి గుర్తు తెచ్చుకోండి. పాడేరు దగ్గర చీకట్లో బయల్దేరతాం. చివర్లో కొంత దూరం నడిచే ఎక్కాలి. పైకి చేరేసరికి వీపు తడిసిపోతుంది. ఆ తర్వాత సూర్యుడు మేఘాల మీదికి వచ్చేదాకా గాలిలో అలా కూర్చోవాలి. తడిసిన వీపు, కదలని ఒళ్లు, ఎదురుగాలి. వేటగాడి సమస్య అంతా ఇదే.

పోయినేడు మా బాబాయి కొడుకు మాతోపాటు వచ్చాడు. లోపల కాటన్ బనీను, దాని మీద మందపాటి కాటన్ హుడీ, కింద జీన్స్. ఎక్కేటప్పుడు అందరికంటే హుషారు వాడికే. "ఇదేం చలి అన్నా, మన ఏసీ రూమే నయం" అంటూ ముందు నడిచాడు. పైన పావుగంట కూర్చున్నాక పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. మేఘాలు వచ్చాయి, సూర్యుడు వచ్చాడు, చుట్టూ అందరూ సెల్ఫీలు. వాడు మాత్రం చేతులు చంకల్లో పెట్టుకుని "టీ ఎక్కడన్నా దొరుకుద్దా అన్నా" అని అడుగుతున్నాడు. స్పేర్ టీషర్టు ఇచ్చి, తడి హుడీ తీయించి, ఒక జాకెట్ వేశాక పది నిమిషాల్లో మనిషయ్యాడు. చలి అంతే ఉంది. మారింది ఒంటిని అంటుకుని ఉన్న తడి బట్ట ఒక్కటే.

పత్తి గుణం పత్తి రైతుకి తెలుసు

ఇందులో కొత్త సైన్స్ ఏమీ లేదు. మా ఊళ్లో పత్తి తీతకి పోయే ఏ అమ్మని అడిగినా చెప్తుంది. పొద్దున్నే మంచు ఆరకుండా పత్తి తీయకూడదు, తీస్తే తేమ పట్టి రేటు పడిపోతుంది. కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రంలో ముందు చూసేది తేమే. 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. దాటితే కోత. 12 శాతం దాటితే అసలు కొనరు. అందుకే మా నాన్నలు బోరేలు దించే ముందు ఆకాశం వంక చూస్తారు.

అంటే పత్తి నీళ్లు తాగుతుందని మనకి డబ్బు లెక్కలోనే తెలుసు. అదే పత్తి చొక్కాగా మారాక కూడా గుణం మారదు. మామూలు గాలిలోనే దాదాపు 8 శాతం తేమ పట్టుకుని ఉంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. చెమట పడితే పత్తి దారాలు దాన్ని పీల్చుకుని వదలవు, బట్ట ఒంటికి అతుక్కుపోతుంది. మనల్ని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్టలో చిక్కుకున్న గాలి. ఆ గాలి ఉండాల్సిన చోట్లోకి నీళ్లొచ్చి చేరాయనుకోండి, గాలికంటే నీళ్లు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి.

మే నెలలో ఇదే మనకి వరం. చెమట పీల్చుకుని, మెల్లగా ఆవిరి చేస్తూ, ఒంటిని చల్లబరుస్తుంది. అందుకే ఎండాకాలం కాటన్‌ని మించింది లేదు. మా ఊళ్లో కాపాడే గుణమే కొండ మీద పీకల మీదికి తెస్తుంది.

మిరప చేలో మొదటి పాఠం

'లేయరింగ్' అంటే ఏదో ఫారిన్ మాట అనుకుంటాం గానీ, ఫిబ్రవరి, మార్చిలో మిరప కోతలకి వెళ్లి చూడండి. ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు. తలకి తువ్వాలు, ముక్కుకి అడ్డంగా దాని కొస. ఒక్కో పొరకి ఒక్కో పని. చొక్కా ఎండని, మిరప మంటని ఆపుతుంది. తువ్వాలు ఘాటుని ఆపుతుంది. ఇంటికెళ్లేటప్పుడు చొక్కా విప్పేస్తారు. ఒకే మందపాటి బట్టతో ఈ పనులన్నీ చేయమంటే కుదరదు.

ఇంజినీరింగ్‌లో ఓఎస్ఐ మోడల్ ఏడు లేయర్లు బట్టీ పట్టినవాళ్లకి ఇది ఇంకా ఈజీ. ఒక్కో లేయర్ తన పని తాను చేస్తుంది, పక్కదాని పనిలో వేలు పెట్టదు. చలికి ఏడు అక్కర్లేదు, మూడు చాలు. ఆగినప్పటికి ఇంకొకటి.

మొదటిది ఒంటిని అంటుకునే పొర. దీని పని వెచ్చదనం కాదు, చెమటని బయటికి పంపడం. పల్చటి పాలిస్టర్ టీషర్టు చాలు. జిమ్‌కి, క్రికెట్‌కి వేసుకునే డ్రై ఫిట్ టీషర్టు మీ దగ్గర ఉండే ఉంటుంది. డబ్బులుంటే మెరినో ఉన్ని. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు, పైగా నాలుగు రోజులు వేసుకున్నా వాసన తక్కువ. టెంటులో పక్కన పడుకునేవాడు దండం పెడతాడు.

రెండోది గాలిని పట్టి ఉంచే పొర. ఫ్లీస్ జాకెట్ అంటే ఇదే. తేలిక, తడిసినా త్వరగా ఆరుతుంది. మన టౌన్లలో చలికాలం రోడ్డు పక్కన అమ్మే స్వెటర్లు కూడా పనికొస్తాయి, కానీ లోపల లేబుల్ చూడండి. ఉన్ని అని చెప్పి అమ్మేవాటిలో చాలావరకు అక్రిలిక్. అదీ ఫర్వాలేదు. కాటన్ అని ఉంటే మాత్రం పెట్టేయండి.

మూడోది గాలి, వాన ఆపే పైపొర. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన, మన నాన్‌స్టిక్ దోసె పెనం మీద ఉండే టెఫ్లాన్ పదార్థాన్ని ఒక్కసారిగా సాగదీశాడు. కంటికి కనపడని రంధ్రాలతో పొర తయారైంది. నీటి చుక్క లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. అదే గోర్‌టెక్స్. ఖరీదు ఎక్కువే. లంబసింగికి, వంజంగికి అంత అక్కర్లేదు. గాలి దూరని మామూలు రెయిన్ జాకెట్ సరిపోతుంది. బైక్ మీద వేసుకునే ప్లాస్టిక్ రెయిన్ కోటు మాత్రం వద్దు. వాన ఆపుతుంది గానీ లోపల చెమటతో మనమే తడిసిపోతాం.

ఇక ఆగినప్పుడు వేసుకోవాల్సింది పఫర్ జాకెట్. 1922 ఎవరెస్ట్ యాత్రలో జార్జ్ ఫించ్ అనే ఆయన బెలూన్ బట్టతో కోటు కుట్టించి, లోపల బాతు మెత్తటి ఈకలు నింపించుకుని వెళ్లాడు. తోటివాళ్లు ముందు నవ్వారట. ఇవాళ హిమాలయాల్లో చూడండి, అందరి ఒంటి మీదా దాని మనవళ్లే. ఈ ఈకలు తడిస్తే మాత్రం ముద్దయిపోతాయి. కాబట్టి నడిచేటప్పుడు బ్యాగులో, ఆగగానే ఒంటి మీద.

అన్నిటికంటే పెద్ద రూల్: ఎక్కడం మొదలుపెట్టినప్పుడు కొంచెం చలేస్తూ ఉండాలి. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. చెమట పట్టాక విప్పడం కాదు, పట్టకముందే ఒక పొర తీసేయాలి. ఆగగానే, చలేసే దాకా చూడకుండా, వేసేసుకోవాలి.

మన గొంగళి సంగతేంటి?

ఉన్ని గొప్పతనం మనకి కొత్త కాదు. గొర్రెల కాపరి గొంగళిని తల మీద ముసుగులా మడిచి వానలో నిలబడటం మన పెద్దలు చూసిందే. తడిసినా వెచ్చగానే ఉంటుంది. మన వైపు ఎక్కువగా కనిపించే నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, వెంట్రుకలే. గొంగళి నేసేది దక్కని గొర్రె ఉన్నితో. పైకెళ్లినప్పుడు గొంగళి మోయమని కాదుగానీ, బేస్ క్యాంపులో ఎవరి దగ్గరన్నా ఉంటే అడిగి కప్పుకోండి.

3,800 మీటర్ల లెక్క వేరు

లంబసింగి, వంజంగి సుమారు వేయి మీటర్లు. చలి బాగా ముదిరిన రోజుల్లో లంబసింగి సున్నా దరిదాపుల్లోకి వెళ్తుంది. కానీ తప్పు చేసినా కిందికొస్తే కారు ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి ఎక్కే కేదార్‌కంఠ దాదాపు 3,800 మీటర్లు. ప్రతి వేయి మీటర్లకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఎత్తు వల్లే ఇరవై నాలుగైదు డిగ్రీలు పోయాయి. ఉత్తరాది చలి, గాలి, మంచు అదనం. అక్కడ తడి సాక్సు చిన్న విషయం కాదు.

ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల నుంచి 35 కిందికి పడితే హైపోథెర్మియా. ముందు వణుకు. తర్వాత మాట తడబడటం, వేళ్లు జిప్ వేయలేకపోవడం, మనిషి ఊరికే చిరాకు పడటం. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా ఉంటే 'అలవాటు పడ్డాడులే' అనుకోవద్దు, ప్రమాదం పెరిగినట్టు. వెంటనే గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు తీసి పొడివి వేయండి, తలకి టోపీ పెట్టండి. స్పృహలో ఉంటే వేడి వేడి తీపి టీ ఇవ్వండి. గైడుకి చెప్పండి. 'ఒక పెగ్గేస్తే వేడొస్తుంది' అనే మాట మాత్రం నమ్మకండి. మందు వల్ల చర్మం వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది.

మనవాళ్లు కొండలెక్కలేరని కాదు. నెల్లూరు జిల్లా కుర్రాడు మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలని 172 రోజుల్లో ఎక్కేశాడు. మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ మీద నిలబడింది. ఇద్దరూ ఎండ మండే ఊళ్ల పిల్లలే. అంత అనుభవం ఉన్న మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయాడు. కొండ ఎవరి రికార్డులూ చూడదు. అందుకే బట్టల దగ్గర బద్ధకం వద్దు.

ఖర్చు ఎంత?

అన్నీ కొనక్కర్లేదు. మొదటి పొర మీ దగ్గరే ఉంది. ఫ్లీస్ ఒకటి కొనుక్కుంటే పదేళ్లు వస్తుంది. పఫర్, పైజాకెట్ అద్దెకి తీసుకోండి, చాలా ట్రెక్ కంపెనీలు ఇస్తాయి. మిగిలిన డబ్బులు సాక్సుల మీద, చేతి గ్లవ్స్ మీద పెట్టండి. నడవడానికి ఒక జత, పడుకోవడానికే విడిగా ఒక పొడి జత. జీన్స్ ఇంట్లో వదిలేయండి.

కేదార్‌కంఠకి ముందు నేనో జాకెట్ కొని ఇంటికి తెచ్చాను. నాన్న దాన్ని వేళ్లతో నలిపి చూశాడు, పత్తి పింజ పొడవు చూసినట్టే. "ఇందులో మన పత్తి ఎంతుందిరా?" అన్నాడు. "అసలు లేదు నాన్నా, అంతా పాలిస్టరే." "ఎంత పెట్టావు?" చెప్పాను. పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటాకి 8,110 రూపాయలు. జాకెట్ కూడా దాదాపు అంతే. నాన్న ఏమీ అనలేదు. క్వింటా పత్తి తీయడానికి ఎంతమంది కూలీలు, ఎన్ని రోజులు పడుతుందో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

ఇవాళ ప్రపంచంలో తయారయ్యే దారంలో సగానికి పైగా పాలిస్టర్. పత్తి వాటా అయిదో వంతు. మా ఊరి రేటు మీద ఆ లెక్క కూడా కూర్చుని ఉంటుంది. అలాగని చలికొండ మీద పత్తి వేసుకుంటే రైతుకి సాయం చేసినట్టు కాదు. పత్తి వేసుకోవాల్సిన రోజులు మనకి ఏడాదికి పది నెలలున్నాయి. అప్పుడు ఆఫీసుకి పాలిస్టర్ టీషర్టు కాకుండా మంచి కాటన్ చొక్కా, చీరాల చేనేత కొనుక్కోండి.

నాన్న మాత్రం బయల్దేరే రోజు తన తువ్వాలు తెచ్చి బ్యాగులో పెట్టాడు. "ఇది మన పత్తేరా, దీనికి తేమ కోత లేదులే" అన్నాడు. సాంక్రీలో వేణ్నీళ్ల స్నానం తర్వాత తుడుచుకోవడానికి అంతకంటే మంచిది దొరకలేదు.