మచ్చ ఉన్న రాయి

మనిషి నిలువుగా వేసిన అతి లోతైన బోరు రష్యాలోని కోలాది: 12 కిలోమీటర్లు. దానికి పదింతలు మించిన లోతు నుంచి వచ్చినవి మా ఆదోనికి దగ్గర్లోనే, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వానకు బయటపడుతుంటాయి. వజ్రాలు.

పెన్సిల్ గీతలో ఉండేదీ అదే కార్బన్. 150 కిలోమీటర్ల కింద, ఆ ఒత్తిడికి ఒక్కో పరమాణువు చుట్టూ ఉన్న నాలుగింటిని గట్టిగా పట్టుకుంటే వజ్రమవుతుంది. ఆ పట్టులో ఒక్కోసారి గార్నెట్ నలుసు చిక్కుకుంటుంది. పైకొచ్చినా మారదు. మాంటిల్ గురించి మన చేతికందే సాక్ష్యాల్లో అదొకటి.

వేరుశనగ విత్తనాల అప్పు తీర్చాలని మా ఎమ్మిగనూరు మామ మూడు తొలకర్లు అక్కడ నేల చూసుకుంటూ తిరిగాడు. ఒకే ఒక్క రాయి దొరికింది. "లోపల మచ్చుందిలే" అని ధర సగానికి తగ్గించారు.

శాస్త్రవేత్తలకు ఆ మచ్చే కావాలని చెప్పాను.

"అయితే వాళ్లు కొంటారేమో అడిగి సూడప్పా" అన్నాడు.