కొల్లేటి నీటిలెక్క

కృష్ణా గోదావరులు తమ ఒండ్రుమట్టితో కట్టిన మాగాణి నేలల నడుమ, రెంటికిని చెందక, రెంటి మిగులునీటిని తనలో నిలుపుకొనుచు కొల్లేరు పరుండియున్నది. మన దేశమందలి పెద్ద మంచినీటి సరస్సులలో నిది యొకటి. దండిమహాకవి దశకుమారచరితమున మంత్రగుప్తుడు ముని వేషమున ఆంధ్రనగరము చెంతనున్న మహాసరస్సు గట్టున విడిసిన కథ సోదరీమణులలో కొందరైన చదివియుందురు. ఆ సరస్సు కొల్లేరేయని పండితులు పలువురు తలచిరి. కావ్యములు సరస్సుల సొగసును చెప్పును. సరస్సు ఆరోగ్యమును చెప్పు విద్య మరియొకటి కలదు. దానిని గత సంక్రాంతి సెలవులలో మేము కన్నులార చూచి వచ్చితిమి.

మా అన్నగారి కుమార్తె జంతుశాస్త్రమున ఎం.ఎస్‌సీ. ముగించి, ఇప్పుడు పిహెచ్.డి. పట్టమునకై పరిశోధన సాగించుచున్నది. నీటికిని నీటియందలి జీవులకును గల సంబంధమేమి, ఆ నీటిని మనుష్యులు చెడకుండ పంచుకొనుట యెట్లు అనునదియే ఆమె విషయము. నెలకొకసారి కొల్లేటికి పోయి, ఏర్పరచుకొన్న తావులలో నీరు పట్టి పరీక్షింపవలెను. ఇట్లు రెండేండ్లు జరుగవలసియుండగా ఒక యేడు గడచినది. ఇంతలో నొక మంచి సంబంధము వచ్చినది. వరుని వారు మాఘమాసముననే ముహూర్తము కావలెననిరి. పెండ్లి తరువాత పడవలెక్కి బురదలో దిగు చదువు తమ కక్కరలేదనియు చెప్పిరి. వదినగారు సమ్మతించిరి. అన్నగారు మాత్రము ఎటును తేల్చుకొనలేక, “చెల్లీ! నీవు పోయి, పిల్ల చేయుచున్న పని యేమో స్వయముగా చూచి, అది నిలుపదగినదో, సాగనీయదగినదో వ్రాయుము” అని మాకు జాబు వ్రాసిరి. మావారికి బడి సెలవులు గనుక మమ్ములను వెంటబెట్టుకొని బయలుదేరిరి.

ఏలూరిలో రైలు దిగి, పిల్లను కలిసికొని, కైకలూరు పోవు బస్సెక్కితిమి. ఆ దారి సరస్సు నడుమగనే పోవును. ఇరుప్రక్కల గట్లు, గట్ల నడుమ నీళ్ళు, నీళ్ళపైన గుర్రపుడెక్క ఊదాపూలు. ఈ మొక్క దక్షిణ అమెరికానుండి వచ్చినది. చూచుటకు ముద్దు, నీటి కది మోపెడు బరువు. కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులు వేలకొలది చేరి చెట్లపైనను, వానికై నిలిపిన మంచెలపైనను గూళ్ళు కట్టుకొనియున్నవి. తల్లిపక్షి గొంతుసంచిలో పిల్ల తలదూర్చి మేత తినుట చూచి మావారు, “అన్నప్రాశన మన యింటనే కాదు” అని నవ్విరి.

మరునాడు తెల్లవారకముందే పిల్ల మమ్ములను లేపినది. “ఇంత చీకటిలో నెందులకమ్మా?” యని యడుగగా, “అత్తయ్యా! పగలు నీటిమొక్కలు వెలుగును త్రాగి ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియును మనవలెనే ప్రాణవాయువును పీల్చును. కావున తెల్లవారుజామున నీటిలో నది అతి తక్కువగా నుండును. రోగి బలహీనత యెంతయో తెలియవలెనన్న అర్ధరాత్రి నాడి చూడవలెను గదా!” యన్నది. ఆ యుపమానము మాకు నచ్చినది.

పడవవాడు మమ్ములను మెల్లగ నీళ్ళమీదికి తీసికొనిపోయెను. తొలివెలుగు రాగానే పిల్ల పట్టిన మొదటి పని, ప్రాణవాయువు పరీక్షకు గాజుబుడ్డిలో నీరు నింపుట. గాలిబుడగ యొక్కటియు చిక్కరాదు. చిక్కినచో బయటి వాయువు లెక్కలో కలియును. ఊరగాయ జాడీలో గాలి చొరకుండ నూనె పోయు మనకు ఆ జాగ్రత్త కొత్త కాదు. ఎండ పొడిచిన పిదప, నలుపు తెలుపు వంతులుగా రంగువేసిన పళ్ళెము నొకదానిని త్రాటితో నీటిలోనికి దింపి, అది కంటికి కనుమరుగైన చోట త్రాడు లోతు చూచి చెప్పగా మావారు పుస్తకమున వ్రాసికొనిరి. ఇట్టి పళ్ళెముతో నీటి తేటదనమును కొలుచుట 1865వ సంవత్సరమున ఇటలీదేశపు క్రైస్తవ సన్యాసియు ఖగోళవేత్తయునగు సెక్కి ప్రారంభించెనట. నూటయేబది యేండ్లు దాటినను ఇంతకంటె చవుకైన, నిక్కమైన సాధనము లేదని పిల్ల చెప్పినది.

బసకు వచ్చి వసారాలో నామె చేసిన పరీక్ష మాకు వంటయింటి పనివలెనే తోచినది. బుడ్డిలోని నీటికి మాంగనీసు ద్రావకమును, పిమ్మట అయొడైడు కలిసిన క్షారమును చేర్చగా, నీటిలోని ప్రాణవాయువును పట్టుకొని గోధుమవన్నె మడ్డి అడుగునకు దిగినది. ఆమ్లము చేర్చగనే ఆ మడ్డి కరగి నీరు తేనెవన్నెకు వచ్చినది. హైపో అను ద్రావకమును చుక్కచుక్కగా వదలగా ఆ రంగు పలచబడినది. అప్పుడు కొంచెము పలుచని గంజి పోసినది. మన యిండ్లలో బట్టలకు పెట్టు గంజియే! నీరంతయు ముదురు నీలమైనది. మరల చుక్కలు, ఒక చుక్కతో నీలము చటుక్కున మాయమై నీరు తెల్లబడినది. ఎన్ని చుక్కలు పట్టినవో దానినిబట్టి ప్రాణవాయువెంతయో లెక్క తేలును. 1888లో హంగరీ దేశపు వింక్లరు కనుగొన్న ఈ పద్ధతి నేటికిని ప్రమాణమే. చాలజాతుల చేపలు హాయిగ బ్రదుకుటకు లీటరు నీటికి 5 మిల్లీగ్రాములైన నుండవలెనట.

ఇంత లెక్క యెందులకని సోదరీమణులు అడుగవచ్చును. కొల్లేరు ఈ ప్రాంతపు మూత్రపిండము వంటిది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులును, పంటకాలువల మురుగును దీనియందే చేరును. వరదను కొల్లేరు తన కడుపున పట్టి, ఉప్పుటేరను ఒకే త్రోవను మెల్లమెల్లగ సముద్రమునకు పంపును. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ పేటలను ముంచిన సంగతి మనమెవ్వరమును మరువలేదు. ఆ యేటి గమ్యము కొల్లేరే. కొల్లేటిలో చోటు తగ్గినకొలది వరద వెనుకకు నిలుచును. వేసవిలో సరస్సు తగ్గినపుడు వేరొక బాధ. ఉప్పుటేటి వెంట సముద్రపు ఉప్పునీరు వెనుకకు నడచి వచ్చును.

ఈ చోటెట్లు తగ్గినది? సరస్సు గర్భమున గట్లు వేసి చేపల చెరువులు త్రవ్విరి. బొచ్చె, శీలావతి పెంపకము ఊళ్ళకు కూడుపెట్టినది, పెంకుటిండ్లను మేడలు చేసినది. ఆ మాట దాచరాదు. కాని చెరువుల మేతయు ఎరువును నీటిని బలిపించును. బలిసిన నీటిలో నాచు పెరుగును. నాచు కుళ్ళి ప్రాణవాయువును హరించును. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తువరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద ప్రపంచ ప్రాముఖ్యముగల చిత్తడినేలలలో కొల్లేరు చేరినది. 2006లో చెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టిరి. కొన్నియెడల మరల గట్లు లేచినవి. హద్దు తగ్గింపవలెనను వారును, తగ్గింపరాదను వారును నేటికిని వాదించుచునే యున్నారు. ఇరువురకును ఆకలి గలదు, న్యాయమును కలదు. అయితే వాదమునకు ఆధారము కావలసినది గొంతు కాదు, లెక్క. ఏ తావున, ఏ నెలలో, నీరెట్లున్నదను లెక్క.

పడవవానితో మాటలాడగా, “మా నాయన దాహమైతే దోసిలితో ఈ నీళ్ళే తాగేవోడండీ అమ్మగారూ. ఇప్పుడు చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం డబ్బానీళ్ళు కొనుక్కుంటన్నాం” అనెను. నీటి నడుమ నుండియు బిందె పట్టుకొని నీటికై వేచియుండు ఆడువారిని ఆ సాయంకాలమే కొల్లేటికోటలో చూచితిమి.

కొల్లేటికోట సరస్సు నడుమ దీవి. పెద్దింట్లమ్మవారి ఆలయ మచ్చట కలదు. ఫాల్గుణమున తిరునాళ్ళు జరుగును. అచ్చటి జనశ్రుతి యొకటి చెప్పెదము. పూర్వము గజపతిరాజు కోట ఈ దీవిపై నుండెనట. శత్రువులు ముట్టడించి, సరస్సు నీటిని సముద్రమునకు తరలించి కోటను పట్టుటకై కాలువ త్రవ్వబూనిరి. అంతట గజపతి సేనాని శత్రువులు నీట మునుగవలెనని దేవతలను ప్రార్థించుచు తన కన్నకూతురిని బలియిచ్చెనట. ఆ కాలువకు పేరంటాల కనుమ యను పేరు అందువలననే వచ్చినదందురు. విని మా మనస్సు కలగినది. ప్రక్కనున్న పిల్ల నీటిబుడ్డీలకు తారీఖు చీటీలు అంటించుచుండెను.

ఆ రాత్రి మావారు మరియొక సంగతి చెప్పిరి. అమెరికా దేశమున రూత్ పాట్రిక్ అను విదుషి 1934లో డాక్టరు పట్టము పొంది, గాజువంటి పెంకులు గల సూక్ష్మమైన నాచుజాతులను శోధించెను. ఆమె పనిచేసిన శాస్త్రసంస్థ 1945 వరకు జీతమీయలేదట. అయినను విడువక, 1948లో పెన్సిల్వేనియాలోని యొక యేటిని పరిశీలించి, నీటిలో నెన్ని జాతుల జీవులు కలవో దానినిబట్టి ఆ నీటి ఆరోగ్యము చెప్పవచ్చునని నిరూపించెను. ఆమె 1907లో జన్మించి 2013లో గతించెను; శతవర్షములు దాటిన యా జీవితమంతయు నీటిపనియే.

మరునాడు పిల్లను సూటిగ నడిగితిమి: “తల్లీ! పెండ్లి నీకు సమ్మతము కాదా?”

“పెండ్లి కాదనను, అత్తయ్యా. వరుడు మంచివాడే. కాని ఒక యేటి లెక్కతో ఏమియు తేలదు. పోయినయేడు వాన హెచ్చు, ఈ యేడెట్లుండునో! రెండు వేసవులు, రెండు వరదలు చూడనిదే మార్పు ఋతువుదో, రోగముదో చెప్పలేను. నడుమ నాలుగు నెలలు మానినచో ఆ నాలుగు నెలల నీటిని మరియెవ్వరును ఎప్పుడును తెచ్చి కొలువలేరు” అన్నది.

మే మన్నగారికి వ్రాసిన జాబు సారమిది: “ముహూర్తము మాఘమున తప్పిన జ్యేష్ఠమున దొరకును, ఆ యేడు కాకున్న మరుసటి యేడు దొరకును. జారిపోయిన నీటికి ముహూర్తము లేదు. బురదలో దిగు చదువని వారు హేళన చేయుచున్నారు. వరి నాటు ఆడువారు బురదలో దిగనిదే మన పళ్ళెములో అన్నమున్నదా? పిల్ల చేయుచున్నది ఇల్లాలి పనియే. ఇల్లు మాత్రము పెద్దది. వరునివారిని ఇంకొక యేడు ఆగుడని గౌరవముగ నడుగుము. ఆగినచో మంచి సంబంధము. ఆగనిచో, పిల్ల కోరనిదానికై ఆమె కోరినదానిని త్రుంచుట మన వంశమునకు తగదు.”

అన్నగారు అట్లే వ్రాసిరి. ప్రత్యుత్తర మింకను రాలేదు. వదినగారు కొంత చింతతో నున్నారు. ఆ చింతను మేము తేలిక చేయజాలము. పిల్ల మాత్రము మాఘమాసపు నీటిని తప్పక పట్టి తెచ్చినది.

సోదరీమణులారా! కొల్లేటికి పోవువారు ఆటపాక పక్షులను చూడుడు, పెద్దింట్లమ్మను సేవింపుడు. వీలున్నచో తెల్లవారుజామున నీళ్ళమీద ఒక గడియ యుండుడు. మీ యింటగాని, చుట్టములలోగాని ఏ యాడపిల్ల యైన నీటిని గూర్చియో, నేలను గూర్చియో చదువుచున్నచో, “ఎన్నడు ముగియును?” అని మాత్రమే అడుగక, “ఏమి కనుగొంటివి?” అనియు నడుగుడు. చెప్పుటకు ఆమెయొద్ద చాలా యుండును.