మార్చినోడు రాసిపెట్టాలె

మా చెల్లె కొడుకు తారాపూర్ అణు కరెంటు కేంద్రంలో కాంట్రాక్టు ఫిట్టర్. దసరాకు వచ్చినప్పుడు "అక్కడ ఏం పని రా?" అని అడిగిన. "వాల్వు తిప్పుడు కన్న, తిప్పినట్టు కాగితం మీద రాసుడే ఎక్కువ మామా" అన్నడు. అందరూ నవ్విండ్రు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను షోలాపూర్ మిల్లులో ఉన్నప్పుడు రాత్రి పాళీ జాబర్ నాలుగు సాంచాలకు పళ్ళచక్రం మార్చిండు. అంగుళానికి పడే పేక పోగుల లెక్క మారింది. బోర్డు మీద పాత లెక్కనే ఉన్నది. పొద్దటి పాళీవాళ్ళు బోర్డును నమ్మి నడిపిండ్రు. బట్ట పల్చగ వచ్చింది. కోత పడ్డది నేసినోళ్ళ కూలిలో!

బట్ట చెడితే కూలి పోతది. అణు కేంద్రంలో అయితే ఏమైతదో అమెరికాలో చూసిండ్రు. 1979 మార్చి 28న తెల్లారుజామున 4 గంటలకు, పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ కేంద్రం రెండో యూనిట్‌లో నీళ్ళు పంపే పంపులు ఆగినయి. అదనపు పంపులు వాటంతటవే నడిచినయి గాని నీళ్ళు పోలేదు. ఆ దారిలోని రెండు వాల్వులు మూసి ఉన్నయి. రెండు రోజుల ముందు పరీక్షలో వాటిని మూసిండ్రు. కేంద్రం నడిచేటప్పుడు అవి తెరిచే ఉండాలె. బోర్డు మీద ఒక వాల్వు దీపాన్ని రిపేరు చీటీ కప్పేసింది. ఆ సంగతి తెలిసేసరికి 8 నిమిషాలు గడిచినయి.

ఇంకో వాల్వు అంతకన్న పెద్ద దెబ్బ కొట్టింది. ఒత్తిడి తగ్గించేటందుకు తెరుచుకున్నది మళ్ళ మూసుకోలేదు. బోర్డు మీద దీపం మాత్రం ఆరింది. మూసుకొమ్మని హుకుం పోయిందనే ఆ దీపం చెప్పేది, మూసుకున్నదని కాదు. రెండు గంటలకు పైగ నీళ్ళు బయటికి పోయినయి. లోపలి ఇంధనం సగం దాకా కరిగింది. ఆ యూనిట్ మళ్ళ నడవలేదు.

అందుకే అసుంటి కేంద్రంలో నక్షా, కాగితం, ఇనుము మూడూ ఒకటే మాట చెప్పాలె. అది తేలిక కాదు. తారాపూర్‌లో మొదటి రెండు యూనిట్లు 1969లో మొదలైనయి. ఏండ్ల తరబడి నడిచే యంత్రానికి ఎన్నో మార్పులు, ఎన్నో రిపేర్లు. పాతోళ్ళు రిటైరై పోతరు. రాయకుంటే వాళ్ళ తలలో ఉన్నది వాళ్ళతోనే పోతది.

మన పిల్లలు ఇప్పుడు మిల్లులు దాటి పెద్ద పెద్ద యంత్రాల దగ్గరికి పోతున్నరు. వాళ్ళకు ఒక్కటే చెప్త: చిన్న మార్పయినా రాసిపెట్టండి, వచ్చే పాళీవానికి నోటితో కూడ చెప్పండి. మీ రాతను నమ్ముకొనే వాడు పనిలోకి దిగుతడు.