ఉద్యోగం మారే ముందు: గిడుగు వారి ముప్పై ఏళ్లు



ఈ మధ్య నన్ను చూడవచ్చే యువకులలో కొందరు రోగం పేరు చెప్పరు. "ఏమీ బావులేదండి, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను" అంటారు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి సెలవు మీద వచ్చినవారున్నారు. చెన్నైలో తాపీ పని చేసేవారు, మందుల కర్మాగారాలలో రాత్రి షిఫ్టులు చేసేవారు, ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎదురుచూసేవారు ఉన్నారు. నలభై దాటినవారూ లేకపోలేదు. అందరి ప్రశ్నా ఒక్కటే. మారాలా, వద్దా? మారితే ఈ పట్టుదల ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇందులో వైద్యుడి ప్రమేయం ఏమిటని మీరు అడగవచ్చు. నిద్ర కరవయ్యేది, రక్తపోటు పెరిగేది, ఆకలి మందగించేది ఈ ఊగిసలాటలోనే కనుక ప్రమేయం ఉన్నదనే నా అభిప్రాయం.

ఈ విషయం వచ్చినప్పుడల్లా నాకు మన ప్రాంతపు మనిషి ఒకరు గుర్తుకు వస్తారు. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు ఆయన చిత్రపటానికి దండ వేస్తాం, వ్యావహారిక భాష గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. నేను మాత్రం ఆయనను వృత్తి మార్చుకున్న మనిషిగా చూస్తాను. ఒకసారి కాదు, రెండుసార్లు మార్చుకున్నారు.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విశాఖపట్నంలో బంధువుల ఇంట ఉండి మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయనకు పదహారు, పదిహేడేళ్లు. పై చదువులన్నీ ఉద్యోగం చేస్తూ, ప్రైవేటుగా చదివినవే. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. మన సీతంపేట కొండలలో ఉన్నదీ ఆ జనమే. వారి భాష నేర్చుకోవాలన్న కోరిక ఈ బడిపంతులుకు కలిగింది. ఆ భాషకు లిపి లేదు, నిఘంటువు లేదు, చెప్పే గురువు లేడు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, అతని నోటి నుంచి మాట మాట నేర్చుకున్నారు. ఏళ్లు గడిచాయి. సవర భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఇదంతా పగలు రాజావారి బడిలో పాఠాలు చెబుతూనే!

ఆ తరువాత, 1906-07 ప్రాంతంలో యేట్స్ అనే ఆంగ్లేయుడు ఈ జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చాడు. తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత దూరం ఎందుకని అతడు లేవనెత్తిన ప్రశ్న గిడుగు వారిని, విజయనగరంలో గురజాడ వారిని, విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగారిని కదిలించింది. గిడుగు వారి మూడో పని అక్కడ మొదలైంది. అయినా ఆయన వెంటనే కొలువు వదలలేదు. 1911లో, ముప్పై ఏళ్ల సర్వీసు నిండిన తరువాత విరమించారు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. 1940 జనవరిలో కన్నుమూశారు. లెక్క వేసి చూడండి. కొలువు చేసిన కాలమూ, కొలువు విడిచి తనకు నచ్చిన పని చేసిన కాలమూ దాదాపు సమానం.

ఆయన ఎక్కడా దూకలేదన్నది నన్ను ఆకట్టుకున్న సంగతి. సవర భాష అయినా, వ్యావహారిక వాదం అయినా జీతం వచ్చే పని పక్కనే మొలకెత్తి, వేళ్లూనుకుని, ఆపైన చెట్టయింది. మనవాళ్లు చేసేది తరచుగా దీనికి తలకిందులు. ముందు రాజీనామా, తరువాత అన్వేషణ. డీఎస్సీ సంగతే చూడండి. శ్రీకాకుళం, విజయనగరాలలో ఉన్న పని మానుకుని శిక్షణ కేంద్రాలలో కూర్చున్నవారు మీ బంధువర్గంలోనూ ఉంటారు. 2018 డీఎస్సీ తరువాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చి రద్దయింది. 16,347 పోస్టుల ప్రకటన 2025 ఏప్రిల్‌లో గాని రాలేదు. ఆ ఏడేళ్లలో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, ఇంట్లో మాటలు తగ్గాయి, ఇరవై ఎనిమిదేళ్లకే రక్తపోటు మాత్రలు మొదలుపెట్టినవారిని నేను చూశాను. ఉన్న పని చేసుకుంటూ చదివినవారు కూడా ఎదురుచూశారు, వారికీ కష్టమే. కాని వారి నిద్ర అంతగా చెడలేదు.

పట్టుదల విషయంలో ఒక వైద్య సత్యం చెప్పాలి. ముందు ఉత్సాహం రావాలి, ఆ తరువాత పని మొదలుపెట్టాలి అని మనం అనుకుంటాం. కుంగుబాటుకు ఇచ్చే చికిత్సలలో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒకటి ఉంది. అది ఈ వరుసను తిరగవేస్తుంది. మనసు ఎలా ఉన్నా సరే, ముందే అనుకున్న చిన్న పనిని, అనుకున్న వేళకు చేయిస్తారు. మనసు తరువాత నెమ్మదిగా కదిలివస్తుంది. కుంగుబాటు లేనివారికీ ఈ పద్ధతి పనికివస్తుంది. కొత్త వృత్తి నేర్చుకోదలచినవారికి నేను చెప్పేది రోజుకు నలభై నిమిషాలు, ఒకే వేళకు, ఆరు నెలలు. ఆరో నెలలో కూడా ఆ నలభై నిమిషాల కోసం మీరు ఎదురుచూస్తున్నారంటే, అప్పుడు రాజీనామా గురించి మాట్లాడుకుందాం. రెండో నెలకే విసుగు పుట్టిందంటే నష్టపోయింది ఏమీ లేదు, జీతం చేతిలోనే ఉంది. ఇంకొక మాట. ఒంటరిగా నేర్చుకునేవారు త్వరగా జారిపోతారు. ఇంట్లో ఉన్న ఆ సవర గిడుగు వారికి గురువు మాత్రమే కాదు, రోజూ ఎదురుగా కూర్చునే మనిషి కూడా. అలాంటి మనిషి ఒకరు మీకూ కావాలి.

గిడుగు వారి కథలో వైద్యుడిగా నన్ను కలతపెట్టే భాగం ఒకటి ఉంది. ఎండలలో సవర పల్లెలు తిరిగి ఆయన విడవని మలేరియా తెచ్చుకున్నారు. ఆ రోజులలో దానికి నమ్మకమైన మందు క్వినైన్ ఒక్కటే. దానిని అతిగా వాడడం వల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నది. ఆ చెముడు జీవితాంతం ఉండిపోయింది. క్వినైన్ లోపలి చెవిలోని సున్నితమైన కణాల మీద పనిచేస్తుంది. నేను ఏజెన్సీలో పనిచేసిన కాలంలో తీవ్రమైన మలేరియాకు క్వినైన్ ఎక్కించినప్పుడు, రెండు మూడు రోజులకే "చెవిలో ఈల కూస్తోంది బాబూ" అనేవారు రోగులు. మందు ఆపిన తరువాత సాధారణంగా అది తగ్గిపోయేది. మోతాదు మించి, పదేపదే వాడితే మాత్రం నష్టం మిగిలిపోవచ్చు. మనుషుల నోటి మాటే ప్రమాణమని ముప్పై ఏళ్లు వాదించిన మనిషికి చెవులు సరిగా వినపడకపోవడం ఎంతటి వేదనో ఊహించండి.

ఇష్టమైన పని దొరికినవారు శరీరాన్ని అడగకుండా వాడుకుంటారు. పగలు ఉద్యోగం, రాత్రి కొత్త పని అంటూ నాలుగు గంటల నిద్రతో నెట్టుకొస్తారు. తలనొప్పికి దుకాణంలో కొన్న మాత్ర, ఆకలికి టీ. పైన చెప్పిన నలభై నిమిషాలు నిద్రలోంచి కోసి తీయవద్దు, ఫోను చూసే సమయంలోంచి తీయండి.

ఇక నిర్ణయం సంగతి. ఉద్యోగం మీద విరక్తి అని చెప్పుకునే వారిలో కొందరికి ఉన్నది విరక్తి కాదు, రక్తహీనత. మరికొందరికి థైరాయిడ్ లోపం, గుర్తించని మధుమేహం, బి12 కొరత, గురకతో చెడిన నిద్ర. ఇవన్నీ మనిషిని "ఏ పనీ వద్దు" అనిపించేంతగా నీరసింపజేస్తాయి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, చక్కెర, క్రియాటినిన్, రక్తపోటు చూపించుకోవడానికి ఒక ఉదయం చాలు. రాజీనామా పత్రం కంటే ఆ పరీక్షల కాగితం ముందు రావాలి. రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోతే, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అది ఉద్యోగ సమస్య అనుకుని ఆగవద్దు. టెలి మానస్ ఉచిత ఫోను 14416. ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంతవరకు తొందర వద్దన్నాను. తొందరపడవలసినవారు కూడా ఉన్నారు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, మూత్రపిండాల వ్యాధి ఎంత పెరిగిందో మీకు తెలుసు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో చెమటోడ్చి, చాలినంత నీరు తాగకపోవడం శాస్త్రజ్ఞులు అనుమానించే కారణాలలో ఒకటి. మూత్రపిండాల శక్తి దాదాపు సగం తగ్గేవరకు క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. కనుక అది పెరిగిందని తెలిసిన రోజున, కొబ్బరి తోటలో, జీడి తోటలో, భవన నిర్మాణంలో ఎండకు ఒళ్లు హూనం చేసుకునేవారు నీడపట్టున చేసే పని గురించి ఆలోచించడం మొదలుపెట్టాలి. ఒంటినొప్పులకు వాడే మాత్రలు కూడా ఆ రోజే మానాలి. అక్కడ ఆరు నెలల పరీక్ష పనికిరాదు. కొడుకులు, తమ్ముళ్లు పూనుకుని ఆయనకు కొత్త పని చూపించాలి. ఇన్నాళ్లు ఇంటిని మోసిన మనిషిని "ఇక కూర్చో నాన్నా" అంటే ఆయన కూర్చోడు, రహస్యంగా పనికి వెళతాడు. చిన్న కిరాణా కొట్టో, పాల కేంద్రంలో లెక్కలు రాసే పనో చూపితే వెళ్లకుండా ఉంటాడు.

చివరగా డబ్బు సంగతి. కంపెనీ వదిలితే దానితో పాటు సామూహిక ఆరోగ్య బీమా పోతుంది. ఈఎస్‌ఐ ఉన్నవారికి కొంత కాలం తరువాత ఆ వైద్య సౌకర్యమూ ఆగిపోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు వేచి ఉండవలసి రావచ్చు. కనుక పాలసీ ఉద్యోగంలో ఉన్నప్పుడే తీసుకోండి, ఆ వేచి ఉండే కాలం జీతం వస్తుండగానే గడిచిపోతుంది. భవిష్య నిధి సంస్థ పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. తొమ్మిదేళ్లు దాటినవారు సర్వీసు లెక్క చూసుకోకుండా ఆ నిధి మొత్తం తీసేసుకోవద్దు.